ధర ఎవరు చెప్పాలి?

ఉత్తరాంధ్ర అంగళ్ల కథ: ఏడో భాగం

పోయిన వారం నౌపడ ఉప్పు కొటార్ల దగ్గర ఆగాం. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా కొండల అంచుదాకా ఉప్పు మోయడం మొదలెట్టింది. అంతకు ముందు ఆ పని లంబాడీల పెరిక ఎద్దులది. రైలు ఉప్పును దింపి వెళ్లిపోయేది. అక్కణ్నుంచి అది గూడెంలో పొయ్యి దాకా చేరాలంటే సంత దాటాలి. ఈ వారం మనం ఆ సంతలో దిగుతున్నాం.

చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో అడవి సరుకు దిగుతుంది. చింతపండు, అడ్డాకు, కొండచీపుర్లు, కుంకుడుకాయ, కరక్కాయ, పసుపు, కందులు. తెల్లారకముందే గూడేల్లోంచి మగవాళ్లు కావిళ్లెత్తుకుని, ఆడవాళ్లు నెత్తిన గంపలు పెట్టుకుని దిగేవారు. సీతంపేట సంత సోమవారం. చుట్టుపక్కల సవర, జాతాపు గూడేలకు వారం లెక్క ఆ సోమవారంతోనే. అయితే పాత రోజుల్లో సరుకంతా సంత దాకా వచ్చేది కాదు. కొండదారి ఊరి బాటలో కలిసేచోట షావుకారు మనిషి కాపు కాసి, గంప అక్కడే దింపించేవాడు. "ఎంతకిస్తావప్పా?" అని అడిగేవాడు.

"నువ్వే చెప్పు బాబూ" అనేది ఆవిడ.

సరుకు ఆవిడది, కొండ దిగి మోసుకొచ్చిన మెడ ఆవిడది, ధర మాత్రం ఎదుటివాడిది. అమాయకత్వం వల్ల అన్న మాట కాదది. ఆవిడ తిరిగి ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, గుడ్డ కొనవలసింది కూడా ఆ షావుకారు దగ్గరే. పైగా వానాకాలంలో గింజలు నిండుకున్నప్పుడు తెచ్చిన అప్పు ఆయన ఖాతాలోనే ఉంది. అమ్మేదాని ధరా, కొనేదాని ధరా ఒకే నోటి నుంచి వస్తాయి. నన్నడిగితే ఉత్తరాంధ్ర అంగడి చరిత్రను రాజుల పేర్లతో కాక ఈ ఒక్క లెక్కతో విభజించాలి: ధర ఎప్పుడు ఎవరి నోట్లో ఉంది, అక్కణ్నుంచి ఎలా కదిలింది.

కొలత సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచం. ఈ లెక్క బడి మెట్టెక్కనివాళ్లకూ నోటికి వచ్చు. రానిదల్లా షావుకారు కుంచం లోతు. కొనడానికో కుంచం, అమ్మడానికో కుంచం ఉంచుకున్నవాళ్లుండేవారు. ఒకటే ఉన్నా పనికి అడ్డం లేదు. కందులు కొనేటప్పుడు గింజ అంచు దాటి కుప్పగా లేచి పక్కకు రాలే దాకా పోయించుకునేవాడు. రాలినవీ ఆయనవే. ఉప్పు అమ్మేటప్పుడు అదే కుంచం మీద అరచెయ్యి అడ్డంగా లాగి తలకొట్టి ఇచ్చేవాడు. చింతపండుకైతే తక్కెడ. వీశె అంటే 120 తులాలు, ఈనాటి లెక్కలో కిలోన్నరకు కాస్త తక్కువ. ఎనిమిది వీశెలు మణుగు. ఆ వీశె రాయి సర్కారు ముద్ర ఉన్న పడికట్టు రాయో, గెడ్డలో ఏరుకొచ్చిన గుండో, తక్కెడలో పాసంగం ఎంతో తూచేవాడికి తెలుసు. గంప దించినావిడకు తెలిసే దారి లేదు.

అలాగని సంతను దోపిడి పందిరిగా మాత్రమే చూస్తే అక్కడి కళ మనకు అందదు. సంతకు వెళ్లడం పండక్కి వెళ్లడమే. పెళ్లి మాటలు అక్కడే, వియ్యపురాలితో తగువు తీరేదీ అక్కడే. ఏర్పాటు కూడా తెలివైనది. పక్కపక్క ఊళ్ల సంతలు ఒకే రోజున పడవు. ఈ రోజు ఇక్కడ గాజులూ అద్దాలూ పరిచినవాడు రేపు ఇంకోచోట పరుస్తాడు. వారం తిరిగేసరికి ఆరేడు సంతలు చుట్టి మళ్లీ మొదటి చింతచెట్టు కిందికొస్తాడు. వీధికో కొట్టు నిలబెట్టేంత కొనుగోలు లేని చోట కొట్టునే ఊరూరా తిప్పిన పద్ధతి ఇది. చోటుకు ఆశీలు కట్టాలి. పంచాయతీలు ఏటా ఆశీలు వేలం వేస్తాయి, పాడుకున్నవాడి మనిషి చీటీ పుస్తకం పట్టుకుని గంప గంపకూ వసూలు చేస్తాడు. చాలా చిన్న పంచాయతీలకు చెప్పుకోదగ్గ రాబడి అదే. అందుకే వేలం రోజున సంతలో కన్నా ఎక్కువ జనం పంచాయతీ ఆఫీసు ముందుంటారు.

పశువుల సంతలది ఇంకో తీరు. కోటబొమ్మాళి దగ్గర నారాయణవలస, జామి దగ్గర అలమండ, దత్తిరాజేరు వైపు మానాపురం. ఈ మూడు పేర్లూ తెలియని రైతు పాత విశాఖ, గంజాం జిల్లాల్లో ఉండేవాడు కాదు. అక్కడ ధర ఎవరి నోటా పలకదు. బేరగాడు భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుతాడు. లోపల వేళ్లు వేళ్లను పట్టుకుంటాయి. చుట్టూ పదిమంది నిలబడి చూస్తున్నా ఏ వేలు ఎన్ని వందలో ఆ ఇద్దరికే ఎరుక. ఇక్కడ బేరగాడు దుర్మార్గుడేమీ కాదు. ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పగలడు, సుళ్లు చూసి తగువు పెట్టగలడు, రెండువైపులా తన రూపాయి తీసుకోగలడు. కాకపోతే పక్కన ఎద్దు ఎంతకు పోయిందో తెలియకుండా మన ఎద్దును అమ్ముకోవాలి. ధర దాగినంత కాలం బేరగాడికి పని ఉంటుంది.

ఇక పట్నం. విజయనగరంలో ఆనంద గజపతి ఏలుబడిలో 1885లో గంటస్తంభం లేచింది. ఎనిమిది పలకల రాతి కట్టడం. దాని చుట్టూ అల్లుకున్న వీధులే ఇవాళ్టికీ ఊరికి బజారు. 1890ల్లో తూర్పు కోస్తా రైలు మార్గం వచ్చాక ఎక్కడెక్కడి మిల్లు గుడ్డా స్టేషన్లో దిగి గంటస్తంభం వీధుల్లోకి చేరింది. శ్రీకాకుళానికి ఇది చేదు కబురే. చికాకోలు పేరుతో సన్నని మస్లిన్లు ఓడలెక్కించిన ఊరది. ఢాకా మస్లిన్ల పక్కన పెట్టి మెచ్చుకున్నవాళ్లుండేవారు. మిల్లు గుడ్డ ముందు ఆ మగ్గం నిలవలేదు. రైలు కూడా ఊళ్లోకి రాలేదు. ఆముదాలవలస దగ్గర ఆగి, 'చికాకోల్ రోడ్' అని బోర్డు పెట్టుకుంది.

బట్టల కొట్టు లోపల ఎలా ఉండేదో పెద్దవాళ్లకు గుర్తే. గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి. లోపల గోడ నుంచి గోడకు పరుపు, దాని మీద తెల్లదుప్పటి. షావుకారు గల్లాపెట్టె పక్కన బాలీసుకు ఆనుకుని ఉంటాడు. చీరలు బీరువాల్లో ఉంటాయి, కళ్లముందు ఏవీ ఉండవు. గుమాస్తా మనల్ని ఎగాదిగా చూసి, మన తాహతు అంచనా కట్టి, దానికి తగ్గ మడతలే తెచ్చి విప్పుతాడు. ధర కూడా ఆ చూపులోనే నిర్ణయమవుతుంది. కామందు ఇంటి ఇల్లాలికి ఒకటి, కళ్లంలో కూలి డబ్బులు కొంగున ముడేసుకొచ్చినావిడకు ఒకటి. రెండో ఆవిడకు తక్కువ చెబుతారనుకుంటే పొరపాటు.

ఇదే దృశ్యం, దుప్పటితో సహా, జపానులో ఉండేది. అప్పట్లో ఎదో అని పిలిచిన నేటి టోక్యోలో పట్టుబట్టల వర్తకులు చాపల మీద కూర్చోబెట్టి, గిడ్డంగి లోంచి ఒక్కొక్క తానూ తెప్పించి చూపించేవారు. పెద్దింటివాళ్లకైతే ఇంటికే పట్టుకెళ్లి, ఏడాదికి ఒకటి రెండుసార్లు బాకీ వసూలు చేసుకునేవారు. బాకీ మునిగే భయాన్నంతా ధరలో కలిపి చెప్పేవారు. 1673లో మిత్సుయి తకతోషి అనే వర్తకుడు అక్కడ ఎచిగోయా అనే కొట్టు తెరిచి, ఈ ఆచారం తలకిందులు చేశాడు. చేతిలో డబ్బు పెట్టాలి, ధర ఒకటే, ఎవరొచ్చినా అదే. కావలసినంత ముక్క కోసి ఇస్తాడు కూడా. పక్క కొట్లవాళ్లు ఆయన మీద కత్తికట్టారు. జనం మాత్రం ఎగబడ్డారు. ఆ కొట్టే పెరిగి పెరిగి 1904లో మిత్సుకోషి పేరుతో జపానులో తొలి డిపార్టుమెంటు స్టోరుగా ప్రకటించుకుంది. పరుపులు తీసేసి అద్దాల బీరువాల్లో సరుకు బయట పెట్టడం అప్పటికే అలవాటైంది. మద్రాసు మౌంటు రోడ్డు మీద 1863లో మొదలైన స్పెన్సర్ కూడా ఆ కాలానికి ఎన్నో విభాగాల పెద్ద దుకాణమే. కానీ అది దొరల కోసం. గంటస్తంభానికి ఆ గాలి సోకలేదు.

మన కొట్లలోనూ ఒక బోర్డు ఉండేది: "నేడు నగదు, రేపు అరువు". చదివి నవ్వుకునేవాళ్లం. ఎచిగోయా పాఠంలో ఇది సగమే. నగదు అడిగారు గాని ధర రాసి పెట్టలేదు. అసలు ఆ సగం కూడా ఉత్తుత్తిదే. అరువు లేకపోతే పల్లె బేరం లేదు. పంట చేతికొచ్చాక తీర్చే ఖాతాల మీదే నరసన్నపేట బట్టల కొట్లూ, బంగారం కొట్లూ నిలబడ్డాయి. ఖాతా ఉన్నవాడు పక్క కొట్టుకు వెళ్లలేడు, ధర గట్టిగా అడగనూ లేడు. ఆ ముడి మనిషిని ఎక్కడిదాకా లాగుతుందో తెలుసుకోవాలంటే చరిత్ర పుస్తకం అక్కర్లేదు. 1964లో కాళీపట్నం రామారావు మాస్టారు రాసిన 'యజ్ఞం' చాలు.

జపాను సంగతి వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. 1930ల్లో జపాను మిల్లు గుడ్డ భారతదేశపు బజార్లలో ఎంత చౌకగా దిగిందంటే, 1933లో ప్రభుత్వం దాని మీద సుంకాన్ని 75 శాతానికి పెంచింది. జపాను కోపగించి మన పత్తి కొనడం మానేసింది. మరుసటి ఏడు రాజీ కుదిరింది. ఆ తరవాత 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను బాంబులు పడి, జనం పిల్లాజెల్లాతో లోపలి ఊళ్లకు పరుగెత్తారు. పాపం, మనకు జపాను చేరిన రూపాలు ఈ రెండూ. మిత్సుయి లెక్క మాత్రం చేరలేదు.

మరి ధర చీటీ మన వైపు మొదట ఎక్కడ కనబడింది? నా ఓటు ఖాదీ భండారుకు. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, నూరో నంబరు నూలు వడికే ఆడవాళ్ల పనితనం 1920ల్లో గాంధీజీ దాకా వెళ్లింది. ఆయన కొడుకు దేవదాసును పంపించి చూసి రమ్మన్నారు. ఆ గుడ్డ అమ్మిన భండార్లలో బేరం లేదు. వడికిన కూలి ఇంత, నేసిన కూలి ఇంత, కలిపి ధర ఇంత అని చీటీ. కొనేవాడి ముఖం చూసి మారదు. ఖరీదైన గుడ్డ కాబట్టి వడికే మనిషే కట్టుకోగలిగేది కాదు, అది వేరే సంగతి. యుద్ధకాలంలో గుడ్డకూ బియ్యానికీ కంట్రోలు వచ్చాక సర్కారు ధర మామూలు జనానికీ అలవాటైంది. కంట్రోలు ధరకు దొరకని సరుకు వెనక గదిలో దొంగ ధరకు దొరికేది. ధర రాసిపెట్టగానే నిజమైపోదని జనం అప్పుడే గ్రహించారు.

ఇప్పుడు మళ్లీ కొండ కిందికి. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఇవాళ జీసీసీ అంటున్నదే. దాని ఆలోచన సూటిగా షావుకారు నోటికే తాళం వేసేది: చింతపండూ చీపుర్లూ ప్రకటించిన ధరకు కొనాలి, ఉప్పూ కిరసనాయిలూ గుడ్డా తన డిపోల్లో ప్రకటించిన ధరకు అమ్మాలి. రెండు ధరలనూ షావుకారు చేతిలోంచి తీసి బోర్డు మీద పెట్టడమన్నమాట. అదే ఏడాది తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1962 నాటికి కుంచాలూ వీశెలూ పోయి కిలోలు వచ్చాయి. కాగితం మీద. సంతలో మాత్రం కిలో రాళ్ల పక్కనే పాత కుంచం చాలా ఏళ్లు కూర్చుంది. డిపో దూరం, షావుకారు దగ్గర. డిపో అప్పివ్వదు, షావుకారు ఇస్తాడు. వానాకాలంలో పిల్లకు జ్వరం వస్తే ఎవరి గుమ్మం తొక్కాలన్నది బోర్డు మీది అంకెలు తేల్చవు.

బోర్డు తేల్చలేని చోట సంఘం తేల్చింది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు. పార్వతీపురం ఏజెన్సీలో వాళ్లు కట్టిన గిరిజన సంఘం మొదట్లో అడిగినవి తుపాకీ కబుర్లు కావు: కూలి పెంచాలి, అప్పు కింద పోయిన భూములు ఇప్పించాలి, అడవి సరుకుకు సరైన ధర కట్టాలి, కొలత తిన్నగా ఉండాలి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ తరవాతి మూడేళ్లలో శ్రీకాకుళం పేరు దేశమంతా మోగింది. 1970 జులైలో సత్యం, కైలాసం కూడా పోలీసుల చేతుల్లో చనిపోయారు. అదే ఏడాది భూ బదలాయింపు నిబంధనలకు పళ్లు తొడుగుతూ 1/70 వచ్చింది. 1979లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కొనుగోలు మీద జీసీసీకి గుత్తాధికారం ఇస్తూ మరో రెగ్యులేషన్ వచ్చింది. ఈ పోరాటం గురించి రాసినవాళ్లు భూమి గురించి, తుపాకుల గురించి చాలా రాశారు. కుంచం గురించి తక్కువ రాశారు. నా మట్టుకు నాకు అది కుంచం దగ్గర మొదలైన తగువుగానే కనిపిస్తుంది.

పట్నాల్లో మార్పు ఇంత నెత్తురు చూడలేదు. 1960ల్లో ధరలు మండినప్పుడు దేశమంతా వినియోగదారుల సహకార దుకాణాలు తెరిచారు. మన జిల్లా కేంద్రాల్లోనూ సూపర్ బజార్లు వచ్చాయి. పొట్లం మీద ధర, చేతికి రసీదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక డీలరు కొట్టు ముందు ధర తెలియని ముసలమ్మ లేదు. 1990 నుంచి పొట్లాం సరుకు మీద గరిష్ఠ చిల్లర ధర అచ్చు వేయడం తప్పనిసరైంది. సందుచివరి కిరాణా కొట్లోనూ సబ్బుబిళ్ల ధర అడగడం మానేశాం, తిప్పి చదువుకుంటున్నాం.

ఇవన్నీ కొనేవాడికి ధర చూపించినవే. అమ్మే రైతుకు చూపించినది రైతు బజారు. 1999 జనవరిలో రాష్ట్రంలో మొదలైంది. విజయనగరంలో దాసన్నపేట రైతు బజారుకు పొద్దున్నే వెళితే గేటు దగ్గర బోర్డు మీద సుద్దతో వంకాయ ఇంత, బీరకాయ ఇంత అని రాసి ఉంటుంది. టోకు ధర కన్నా కాస్త ఎక్కువ, చిల్లర ధర కన్నా కాస్త తక్కువ. గుర్తింపు కార్డున్న రైతే అమ్మాలి. అయినా బోర్డు చూసొచ్చిన మనిషి కూడా బేరమాడకుండా ఉండదు. ధర దగ్గర కుదరకపోతే కొసరు దగ్గర పట్టుబడుతుంది. నాలుగు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ సంచిలో పడనిదే కదలదు. రైతూ ముందే అవి పక్కన పెట్టుకుని కూర్చుంటాడు.

గడిచిన పదిహేను, ఇరవై ఏళ్లలో శ్రీకాకుళం జీటీ రోడ్డు మీదా, విజయనగరం పెద్దవీధుల్లోనూ అంతస్తుల షోరూములు లేచాయి. మెట్లు వాటంతట అవే కదులుతాయి. చీరలు బీరువాల్లో కాక వరుసగా వేలాడుతుంటాయి, ప్రతిదానికీ చీటీ. పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా వెళ్లాక వచ్చే మంగళవారం. ఆ ముందువారం అక్కడ కాలు పెట్టే చోటుండదు. ఒకప్పుడు గుమాస్తా చూపుకు ముడుచుకుపోయిన ఇంటి ఆడవాళ్లు ఇప్పుడు పదివేల చీరను తాకి, నచ్చక పక్కకు తోసి, పై అంతస్తుకు వెళతారు. ఎవరూ ఏమీ అనరు. మిత్సుయి లెక్క మూడు వందల ఏళ్లకు పైగా నడిచి ఇక్కడికి చేరిందనుకోవచ్చు. చీటీ మీద కొట్టేసిన పాత ధరా, పక్కన ఎర్రసిరాతో కొత్త ధరా వేసే తమాషా వెనక గుమాస్తా చూపు ఇంకా ఉందేమోనని నాకో అనుమానం.

ఈ షోరూముల కింది అంతస్తుల్లో కిరాణా అరలుంటాయి. వాటిలో పలాస జీడిపప్పు పొట్లం కనబడుతుంది. గుండ్లూ బద్దలూ వేరువేరుగా, ఒక్కోదాని మీదా ధర అచ్చేసి. ఆ పప్పు వచ్చిన పిక్క ఉద్దానంలో కాస్తుంది. 2018 అక్టోబరు తిత్లీ తుపాను నేలమట్టం చేసిన తోటల స్థానంలో రైతులు మళ్లీ మొక్కలు వేసుకున్నారు. పిక్కను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. బస్తా మీద ఏ అంకే ఉండదు. పలాస, కాశీబుగ్గ ఫ్యాక్టరీలు ఆఫ్రికా దేశాల నుంచి కూడా పిక్క దింపుకుంటాయి కాబట్టి, ఆ ఓడల ధర చూపించి ఇక్కడి ధర చెబుతారు. 2023లో ఉద్దానం రైతులు బస్తాకు 16 వేల రూపాయల మద్దతు ధర ప్రకటించాలని రోడ్డెక్కారు. ఆ పిక్క ఈ నేల మీదికి ఎలా వచ్చింది, పలాస చేతికి ఎలా చిక్కింది అన్నది వచ్చే వారం.

(సశేషం)